వనామీ పుట్టిల్లు

మాది రొయ్యల చెరువుల ఊరు. ఇక్కడ ఈక్వెడార్ పేరు తెలియని మనిషి లేడు. భీమవరం పక్కన మా ఊరి టీకొట్టు దగ్గర పొద్దున్నే ఓ పావుగంట నిలబడితే చాలు, ఆ మాట చెవిన పడుతుంది. "ఈక్వెడార్ సరుకు ఎక్కువొచ్చిందంటండీ, వంద కౌంటు మళ్ళీ దిగింది" అంటారొకాయన. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. "వాళ్ళకేవండీ, ఎకరాలకెకరాలు, అంతా సముద్రం నీళ్ళే" అంటారు ఇంకొకాయన. మా రేటు పెరిగినా పడినా ఆ దేశం పేరే వస్తుంది. చూసొచ్చినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

నేను చూసొచ్చాను. 2018 ఆగస్టులో ఈక్వెడార్‌లోని గుయాకిల్ నుంచి బస్సెక్కి, సరిహద్దు దాటి, పెరూలో మాంకొరా అనే బీచ్ ఊళ్ళో నాలుగు రోజులున్నాను. హ్యూస్టన్‌లో నాతో పనిచేసేవాళ్ళంతా "అంత దూరం వెళ్తూ మాచుపిచ్చు చూడవా?" అన్నారు. చూడలేదు. నేను వెళ్ళింది ఒక రొయ్య కోసం.

కాస్త వెనక్కి వెళ్ళాలి. 1994లో మా చెరువులో ఉన్నది టైగర్ రొయ్య. నాకు ఏడేళ్ళు. ఓ తెల్లవారుజామున నాన్న, రొయ్యలు మేత ఎలా తింటున్నాయో చూసే చెక్‌ట్రే పైకి లాగి టార్చిలైటు వేస్తే, రొయ్యల తల చిప్ప మీద సుద్దపొడి చిలకరించినట్టు తెల్ల చుక్కలు. మూడో రోజుకి గట్టు పొడుగునా ఎర్రబడ్డ రొయ్యలు తేలాయి. ఎక్కడెక్కడి కొంగలూ మా చెరువు మీదే వాలాయి. ఆ వారమే అమ్మ గాజులు బ్యాంకుకెళ్ళాయి. ఆ ఏడూ ఆ పై ఏడూ కోస్తా అంతటా అదే కథ. ఆ తర్వాత నాన్న చేపలు పెంచారు, కొన్నాళ్ళు కౌలుకిచ్చారు, కొన్నాళ్ళు చెరువు వైపు వెళ్ళడమే మానేశారు.

2009లో మన దేశంలో వనామీ అనే రొయ్య పెంచడానికి అనుమతి వచ్చింది. మా చెరువులో పడింది 2012లో. మూడు పంటలకి నా ఎమ్మెస్ అప్పు తీరిపోయింది, అమ్మ గాజులు చేతికొచ్చాయి. మా ఇంట్లో అన్నం పెట్టిన జీవి అది. కానీ అది మన సముద్రంలో పుట్టింది కాదు. మెక్సికోలో సొనోరా నుంచి పెరూలో తుంబేస్ దాకా, పసిఫిక్ తూర్పు అంచున మాత్రమే దాని సొంత నీళ్ళు. మనవాళ్ళు తెప్పించుకునే తల్లి రొయ్యలు కూడా తరాల తరబడి తొట్లలో పెంచినవే. ఇన్ని పంటలు తీసిన నాన్న, సముద్రంలో పట్టిన వనామీని ఒక్కసారి కూడా చూడలేదు. తుంబేస్ ఎక్కడుందని మ్యాపు తీస్తే, గుయాకిల్ నుంచి మాంకొరా వెళ్ళే బస్సు దాని మీదుగానే పోతుందని తెలిసింది. ఆ రోజే టికెట్ కొన్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఒక మాట. అప్పట్లో ఈక్వెడార్‌కి మన పాస్‌పోర్టు ఉంటే చాలు, వీసా అక్కర్లేదు. 2019 ఆగస్టులో పెట్టారు. పెరూ మాత్రం 2017 నుంచి, ఆరు నెలలకి తగ్గకుండా గడువున్న అమెరికా వీసా ఉన్న మనవాళ్ళని విడిగా వీసా లేకుండానే రానిస్తోంది. నా అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉంది. రెండూ కలిపి రబ్బరుబ్యాండు వేసుకుని బయల్దేరాను. ఇలాంటివి మారుతుంటాయి కాబట్టి వెళ్ళేముందు మళ్ళీ చూసుకోండి.

ఆగస్టు 23, గురువారం పొద్దున్న గుయాకిల్ బస్టాండు. ఈక్వెడార్‌కి 2000 నుంచి అమెరికా డాలరే సొంత డబ్బు. అమెరికాలో నేను ఎప్పుడూ చేత్తో పట్టుకోని బంగారు రంగు డాలరు నాణేలు ఇక్కడ అందరి జేబుల్లోనూ గలగలలాడుతున్నాయి. పచ్చి అరటికాయ దంచి చీజ్ కలిపి చేసిన ముద్దని బొలోన్ అంటారు. అదొకటి, కాఫీ ఒకటి తీసుకుని బస్సెక్కాను. పక్క సీట్లో ఎనభై నాలుగేళ్ళ పెద్దావిడ. ఒళ్ళో అట్టపెట్టె, దాని చుట్టూ ప్లాస్టిక్ తాడు. తుంబేస్‌లో కాపురముంటున్న మనవరాలికి పురుడొచ్చిందట, చూడటానికి వెళ్తోంది. నా స్పానిష్ ఆఫీసులో తోటివాళ్ళ దగ్గర నేర్చుకున్నది. ఆవిడ నిదానంగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడింది.

ఊరు దాటాక రెండు పక్కలా అరటితోటలే. మన కోనసీమలో అరటి కొబ్బరి నీడన ఉంటుంది. ఇక్కడ ఒక్క అరటే, కనుచూపు మేర. ప్రతి గెలకీ నీలం రంగు ప్లాస్టిక్ సంచి తొడిగారు. గంటల తరబడి ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ, నీలం. మచాలా దాటి సాంతా రోసా వైపు తిరిగాక అరటి పల్చబడింది, చెరువులు మొదలయ్యాయి.

నేను అద్దానికి అతుక్కుపోయాను. మా ఊరి చెరువు రెండెకరాలు. ఇవి ఒక్కోటీ ఇరవై, ముప్పై ఎకరాలుంటాయి. అవతలి గట్టు సన్నటి గీతలా కనిపించింది. ఒక పడవ మీద కుర్రాడొకడు నిలబడి మేత చల్లుతున్నాడు. ఆ చెయ్యి తిప్పడం, గుప్పెట విప్పి విసరడం అచ్చం మా చెరువులో మేత చల్లే సూరయ్య విసురే. నాకు తెలియకుండానే "మేత చల్లుతున్నాడు" అని తెలుగులో పైకే అనేశాను.

పెద్దావిడ ఏమిటని అడిగింది. మా నాన్నకీ ఇవే చెరువులున్నాయని చెప్పాను. ఆవిడ కిటికీ వైపు వేలు చూపించి "ఇది ఇక్కడే మొదలైంది, మా సాంతా రోసాలో" అంది. నిజమే. 1968లో ఈ ఊరి చుట్టుపక్కల వ్యవసాయదారులు కొందరు, ఉప్పుటేరు పక్క మడుగుల్లో రొయ్యలు తమంతట తామే పెరగడం చూసి చెరువులు కట్టడం మొదలుపెట్టారని ఈక్వెడార్ రొయ్యల చరిత్రలో రాసుకుంటారు. మొదట్లో సీడ్, అంటే రొయ్య పిల్ల కూడా కడలి ఒడ్డున సన్న వలలతో పట్టి తెచ్చుకున్నదేనట. మా ఊళ్ళోనూ సీడ్ పుట్టించే హేచరీలు రాకముందు అంతే, పిల్లలతో సహా వెళ్ళి టైగర్ రొయ్య పిల్లని ఏరుకొచ్చేవారు. మా రొయ్యల్ని చంపిన ఆ తెల్లమచ్చ రోగం వీళ్ళనీ వదల్లేదు. 1999లో వచ్చింది. "మా తమ్ముడి చెరువు మొత్తం పోయింది" అంది ఆవిడ, అరచెయ్యి బోర్లించి. మాది 1994లో పోయిందన్నాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

సరిహద్దు దగ్గర పడుతుంటే ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. 1941లో పెరూ సైన్యం ఈ జిల్లాలోకి వచ్చినప్పుడు ఆవిడకి ఏడేళ్ళు. తల్లి పిల్లల్ని పడవెక్కించి గుయాకిల్ తీసుకుపోయింది. ఆ తగువు మధ్యమధ్య రాజుకుంటూ, 1995లో మళ్ళీ యుద్ధందాకా వెళ్ళి, 1998 అక్టోబరు 26న బ్రసీలియాలో సంతకాలయ్యాక గానీ తీరలేదు. "ఇప్పుడు మా మనవరాలి మొగుడు పెరూవాడు, మంచి పిల్లాడు" అంది. అట్టపెట్టెలో ఉన్నది పురిటి పిల్లకి ఊలు దుప్పటి, బాలింతకి ముద్ద చాక్లెట్.

తనిఖీ కేంద్రం సరిహద్దు ఊరి బయట పెద్ద భవనం. రెండు దేశాల అధికారులూ ఒకే చోట కూర్చుంటారు. ఒక కిటికీలో ఇక్కణ్ణుంచి వెళ్ళినట్టు ముద్ర, పక్క కిటికీలో అక్కడికి వచ్చినట్టు ముద్ర. మామూలు రోజుల్లో అరగంట పనట. ఆ రోజు మామూలు రోజు కాదు. వెనిజులా నుంచి వచ్చేవాళ్ళకి ఆగస్టు 25 నుంచి పాస్‌పోర్టు తప్పనిసరి అని పెరూ ప్రకటించింది. అప్పటిదాకా గుర్తింపు కార్డుంటే సరిపోయేది. గడువు రెండు రోజులుంది. భవనం చుట్టూ వేలమంది.

నేల మీద దుప్పట్లు, సూట్‌కేసులు, వాటికి చక్రాలు అరిగిపోయి ఉన్నాయి. సహాయసంస్థల గుడారాల ముందు నీళ్ళకోసం ఒక వరుస, టీకాలకోసం ఇంకో వరుస. మా బస్సువాళ్ళం నిలబడిన వరుసలో నా ముందు ఒకమ్మాయి, పాతికేళ్ళుంటాయి, కూతురితో. కొలంబియా, ఈక్వెడార్ దాటి ఇక్కడికి రావడానికి తొమ్మిది రోజులు పట్టిందట. కొంత బస్సు, కొంత లారీ, కొంత నడక. అన్న లిమాలో ఉన్నాడు. కార్డు తప్ప పాస్‌పోర్టు లేదు. తమ దేశంలో పాస్‌పోర్టు దొరకడం ఎంత కష్టమో చెబుతూ, కార్డుని రెండు చేతులతో పట్టుకునే ఉంది. నా చేతిలో పాస్‌పోర్టులు రెండున్నాయి. వాటిని సంచిలో పెట్టేసుకున్నాను.

పిల్లకి నాలుగేళ్ళుంటాయి. హ్యూస్టన్‌లో కొన్న చేగోడీల ప్యాకెట్టు విప్పి ఇచ్చాను. ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తినలేదు, వేలికి తొడుక్కుంది. తర్వాత రెండో వేలికి, మూడో వేలికి. ఐదు వేళ్ళూ నిండాక అమ్మకి చూపించింది, నాకు చూపించింది, అప్పుడు చిటికెన వేలి నుంచి ఒక్కోటే కొరుక్కుంటూ తింది. ఆ పిల్లకి చేగోడీ అంటే ఏమిటో తెలియదు, ఎలా తినాలో ఎవరూ చెప్పలేదు. మా ఊళ్ళో నేనూ మా పిన్ని కూతురూ అలాగే తినేవాళ్ళం.

మూడున్నర గంటలు పట్టింది. కిటికీలో అధికారి నా రెండు పాస్‌పోర్టులూ తిరగేసి, అమెరికా వీసా గడువు వేలితో కొలిచినట్టు చూసి, ఎన్నాళ్ళుంటావన్నాడు. నాలుగు రోజులన్నాను. ముద్ర పడింది. ఆ అమ్మాయిది నాకంటే ముందే అయింది. పిల్లని చంకనెత్తుకుని, సూట్‌కేసు ఈడ్చుకుంటూ గుంపులో కలిసిపోయింది. నేను ఆ దారి కేసి చాలాసేపు చూశాను. రెండు రోజుల తర్వాత వచ్చినవాళ్ళ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

పెద్దావిడ బస్సులో నా కోసం సీటు కాపలా కాసింది. "ఇక నుంచి కమరోన్ అనకు" అని హెచ్చరించింది. ఈక్వెడార్‌లో సముద్రపు రొయ్యని కమరోన్ అంటారు. పెరూలో కమరోన్ అంటే ఏటి రొయ్య, సముద్రపుదైతే లంగొస్తీనో. ఆవిడ తుంబేస్‌లో దిగిపోయింది. దిగేముందు నా తల మీద చెయ్యి పెట్టి ఏదో అంది. మాటలు పూర్తిగా అర్థం కాలేదు, దీవెనని మాత్రం తెలిసింది.

తుంబేస్ దాటాక పచ్చదనం ఆగిపోయింది. ఎండు తుప్పలు, ఇసుక కొండలు, కుడిపక్క సముద్రం. చంద్రుడు దాదాపు నిండుగా ఉన్నాడు. మాంకొరా చేరేసరికి రాత్రి పది దాటింది.

మాంకొరాలో పెద్ద వీధి అంటే పాన్ అమెరికన్ హైవేనే. దాని మీదే లారీలు, దాని మీదే పళ్ళ బండ్లు, దాని మీదే మన ఆటోలు. నిజంగా మన ఆటోలే, బజాజ్‌వి. ఇక్కడ మోటోటాక్సీ అంటారు, బజాజ్‌దైతే తోరీతో, అంటే చిన్న ఎద్దు. నన్ను బసకి తీసుకెళ్ళిన అబ్బాయికి ఇది మా దేశపు బండి అని చెబితే ఇంజను మీద చరిచి "నమ్మకమైనది" అన్నాడు.

బస చిన్నది. వెదురు గోడలు, తాటాకులాంటి కప్పు, ఆరు గదులు, వెనక తలుపు తీస్తే ఇసుక. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. అమ్మ వాట్సాప్‌లో పూజ చూపిస్తుంటే నేను సముద్రం ఒడ్డున కూర్చుని చేతులు జోడించాను. ఆ సాయంత్రం నాకొకటి కొత్తగా తోచింది. మాకు సముద్రమంటే పేరుపాలెం. అక్కడ సూర్యుడు నీళ్ళలోంచి పైకొస్తాడు, ఇసుక మీద చీకటితోనే వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఇక్కడ సూర్యుడు నీళ్ళలోకి దిగిపోయాడు. కుంకుమ భరిణెలా ఎర్రబడి, అంచు తగిలి, మునిగాడు. ఆ క్షణం ఒడ్డున ఉన్నవాళ్ళంతా మాటలాపేశారు.

మాంకొరా గురించి చెప్పాలంటే ఇంకా ఉన్నాయి. తిమింగలాలు ఆ నెలల్లో దక్షిణం నుంచి పిల్లలు పెట్టడానికి వస్తాయి, ఒకటి దూరంగా ఎగిరి పడటం ఒడ్డు నుంచే చూశాను. నీళ్ళు నేననుకున్నంత వెచ్చగా లేవు. దక్షిణం నుంచి వచ్చే చల్లటి హంబోల్ట్ ప్రవాహం, భూమధ్యరేఖ వైపు వెచ్చటి నీళ్ళు ఈ దరిదాపుల్లోనే కలుస్తాయి. వెచ్చటి నీళ్ళు మరీ దక్షిణానికి దిగిన ఏడాదే ఎల్‌నినో. మన వానల్ని ఎండబెట్టే ఆ పేరు పెట్టింది కూడా ఈ ఉత్తర పెరూ జాలర్లే. క్రిస్మస్ రోజుల్లో వస్తుందని బాలయేసు పేరు పెట్టుకున్నారు. సెవీచే తిన్నాను, పచ్చి చేపని నిమ్మరసంలో నానబెట్టిందే అయినా, ఉల్లిపాయ, మిరపకాయ ఘాటుకి నోరు ఇంటికెళ్ళింది.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వ్యానులో తుంబేస్ వెళ్ళి, అక్కణ్ణుంచి తోరీతో ఎక్కి పుయెర్తో పిసారో అనే జాలరి ఊరు చేరాను. నేను వచ్చిన పని అక్కడుంది.

చుట్టూ మడ అడవి. కోరంగి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, అదే బురద వాసన, అవే గాలిలోకి పాకిన వేళ్ళు. వనామీ గుడ్లు పెట్టేది లోతు సముద్రంలో. పిల్లలు కొట్టుకొచ్చి ఇలాంటి మడల్లో, ఉప్పుటేళ్ళలో పెరిగి, పెద్దయ్యాక మళ్ళీ సముద్రానికి పోతాయి. అంటే దాని పుట్టింట్లో ఉయ్యాల ఇదే. ఈక్వెడార్‌లో చెరువుల కోసం ఈ మడనే చాలాచోట్ల కొట్టేశారు. మా వైపూ కొట్టారు. మా అన్నం ఆ చెరువులోంచే వచ్చింది కాబట్టి, ఆ వేళ్ళ మధ్య నిలబడి ఇది నాకు సంబంధం లేని మాట అనుకోలేకపోయాను. తుంబేస్ దగ్గర మిగిలిన మడని 1988లో రక్షిత ప్రాంతం చేశారు. అది ఉన్నందుకు నాకు సంతోషంగా ఉంది.

ఎనిమిదింటికి పడవలు ఒడ్డుకొచ్చాయి. కొంగల బదులు పెలికన్లు. ఒక పడవలో చేపల అడుగున, తడి గోనె కింద పది పన్నెండు రొయ్యలు. నేను లంగొస్తీనో అని అడగ్గానే ముసలి జాలరి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. "తెల్ల కాళ్ళది" అన్నాడు. అంటే వనామీయే.

ఇంకా ప్రాణంతో ఉంది. జానెడుకి కాస్త తక్కువ. మా చెరువులో తీసేటప్పుడు వేలెడంత ఉంటుంది. ఒళ్ళు నీలం కలిసిన గాజులా ఉంది, లోపల నల్లగా పేగు గీత తల నుంచి తోక దాకా తెగకుండా కనిపించింది. తోక రెక్కల అంచున సన్నటి ఎరుపు. కాళ్ళు పాలతెలుపు. మీసాలు నా మోచేతి దాకా వచ్చాయి.

మా ఊళ్ళో అప్పుడు సాయంత్రం ఆరున్నర. మర్నాడు పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ రొయ్య గుల్ల విడుస్తుంది, ఆ రాత్రుళ్ళు నాన్న గట్టు మీదే ఉంటారు. వీడియో కాల్ చేస్తే మొదటి రింగుకే ఎత్తారు.

"నాన్నా, చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ఫోను దగ్గరికి, ఇంకా దగ్గరికి తెచ్చుకున్నారు. స్క్రీన్ నిండా ఆయన కన్నొక్కటే.

"సముద్రంలోదేనా అమ్మలూ?"

"ఇప్పుడే పడవలోంచి తీశారు."

"పదిహేను కౌంటుంటుంది." కాసేపాగి, "తిప్పు. కాళ్ళు చూపించు. తల ఇటు పెట్టు." తెల్ల చుక్కలకోసం వెతుకుతున్నారని నాకు తెలుసు. తల చిప్పకి సూర్యుడి వెలుతురు తగిలేలా వంచాను. చుక్క లేదు.

"మీసాలు చూడు తల్లీ," అన్నారు. "ఒక్కటీ తెగలేదు. మన దగ్గర ఒకదానికొకటి రాసుకుని సగానికి విరిగిపోతాయి. ఇన్నేళ్ళలో ఇంత పొడుగు మీసం నేను చూళ్ళేదు."

ముసలి జాలరి నా భుజం మీదుగా ఫోనులోకి తొంగి చూసి చెయ్యి ఊపాడు. నాన్న "నమస్కారమండీ" అన్నారు. ఇంతలో అక్కడ కరెంటు పోయింది, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. "జనరేటర్ వేసొస్తానుండమ్మా, పెట్టెయ్యకు" అని ఫోను గట్టు మీద పెట్టి పరిగెత్తారు. స్క్రీన్ మీద మసక ఆకాశం, కొబ్బరి మట్ట ఒకటి. నేను రొయ్యని తడి గోనె మీద పెట్టి, మీసాలు నలక్కుండా సర్ది, వింటూ నిలబడ్డాను. ముందు జనరేటర్ దగ్గింది. తర్వాత ఒక ఏరియేటర్ నీళ్ళు కొట్టడం మొదలుపెట్టింది, తర్వాత రెండోది, తర్వాత నాలుగూ.